తాళంకప్ప: ఒక వస్తువు చరిత్ర

సంక్రాంతికి నాలుగు రోజుల ముందునుంచే మన పట్టణాల వీధుల్లో పోలీసుల మైకు వినిపిస్తుంది. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు బంగారం ఇంట్లో ఉంచవద్దు, తలుపులకు గట్టి తాళాలు వెయ్యండి, కిటికీలు మూసి గడియలు సరిచూసుకోండి, వెళ్ళేముందు స్టేషనులో చెప్పి వెళ్ళండి అని. ఈ సలహాలో తప్పు పట్టవలసిందేమీ లేదు. రెక్కలు ముక్కలు చేసుకుని కూడబెట్టిన నాలుగు వస్తువులు పోతే గుమాస్తా అయినా కూలీ అయినా ఏడవక తప్పదు. అయితే ఈ సలహా వెనక మనం ప్రశ్నించకుండా ఒప్పుకున్న ఊహ ఒకటి ఉంది. తలుపుకు ఈవల ఉన్నవాడు సొంతదారు, ఆవల తిరిగేవాడు అనుమానితుడు అనేదే ఆ ఊహ. ఇది మనిషితోపాటు పుట్టిందా? లేక ఫలానా కాలంలో, ఫలానా అవసరాలవల్ల తయారయిందా? తాళంకప్ప అనే చిన్న వస్తువు చరిత్రను కాస్త పరిశీలిస్తే జవాబు దొరుకుతుంది.

రాజుల చరిత్ర రాసుకున్నాం. కోటల చరిత్ర, కావ్యాల చరిత్ర రాసుకున్నాం. రోజూ చేత్తో ముట్టుకునే వస్తువుల చరిత్రను మాత్రం పట్టించుకోలేదు. కథలు రాసేవాళ్ళకూ, సాహిత్యం చదువుకునేవాళ్ళకూ దీనితో పనేమిటని అడగవచ్చు. కథలో తలుపు లేని ఇల్లుండదు. ఆ తలుపుకు ఏముందో, అది ఎవరి చేతిలో ఉందో చెప్పడంలోనే కథకుడి దృష్టి బయటపడుతుంది.

గడియ వేరు, తాళం వేరు

ముందుగా మన మాటల్నే చూద్దాం. గడియ, గొళ్ళెం, అడ్డగడియ, తాళంకప్ప, రాయలసీమలో బీగం. వీటన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. కాని గడియ పని వేరు, తాళం పని వేరు. గడియ లోపలినుంచి పెట్టుకునేది. పెట్టుకునే మనిషి లోపలే ఉంటుంది. రాత్రిపూట తనను, తన పిల్లలను కాపాడుకోవడానికి పెట్టుకుంటుంది. తాళం బయటినుంచి వేసేది. వేసిన మనిషి అక్కడ ఉండడు, లోపల ఉండేది వస్తువులే. గడియ మనిషిని కాపాడితే తాళం ఆస్తిని కాపాడుతుంది. ఈ తేడాను గుర్తుంచుకుంటే మిగతా చరిత్ర చాలావరకు తేటపడుతుంది.

గుడిసెకు ఈ రెండూ అక్కర్లేదు. తాటాకుతోనో ఈతాకుతోనో వెదురుదబ్బలతోనో అల్లిన తడికే దానికి తలుపు. కుక్క దూరకుండా, మేక దూరకుండా అడ్డం పెడతారు. తడికకు తాళం వేసుకోవడమంటే నవ్వులాట. ఇక కలిగిన రైతు ఇంట్లో విలువైనది ధాన్యం. దాన్ని పాతరలో పోసి మన్ను కప్పేవాడు. వెండీ బంగారమూ బిందెల్లో పెట్టి నేలలో పాతేవాడు. అంటే ఆస్తికి రక్షణ తాళం కాదు, రహస్యం. భోషాణానికి తాళం వచ్చినా అది ఇంటిపెద్ద మొలతాడుకు వేలాడేది. వడ్డీవ్యాపారి ఇంటికి ఇనప్పెట్టె వచ్చింది చాలా తర్వాత. అందులో ఉన్నది బంగారం ఒక్కటే కాదు, ఊరివాళ్ళు వేలిముద్రలు వేసిన నోట్లు కూడా. పాతరలోని జొన్నలు పురుగుపట్టి పోవచ్చు. ఇనప్పెట్టెలోని నోటు మాత్రం ఏటేటా పెరుగుతుంది. అందుకే దానికి అంత ఇనుము కావలసి వచ్చింది.

రాజభవనం తలుపు, మట్టిగోడ కన్నం

ప్రాచీన కాలపు తాళాలలో మనకు తెలిసినవి చెక్కవి. ఈజిప్టులో వాడిన తాళం నిర్మాణం చూడండి. తలుపుకు అడ్డంగా జరిగే పెద్ద చెక్కగడి, దానిమీద తలుపుకు బిగించిన ఒక చెక్కదిమ్మ. దిమ్మలో నిలువుగా కదిలే చిన్న చిన్న మేకులుంటాయి. గడిని జరిపినప్పుడు ఆ మేకులు జారి గడిలోని రంధ్రాలలో పడతాయి. ఇక గడి కదలదు. తాళంచెవి దంతధావనం బ్రష్షులాంటి పొడవాటి చెక్క. దాని కొసన అన్ని మేకులూ ఉంటాయి. లోపలికి దూర్చి పైకెత్తితే దిమ్మలోని మేకులు లేస్తాయి, గడి కదులుతుంది. ఇలాంటి తాళం ఆనవాళ్ళు నినెవే దగ్గర ఖోర్సాబాదు శిథిలాలలో దొరికాయి. ఆ శిథిలాలు క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో అస్సీరియా రాజు రెండవ సర్గోను కట్టించిన రాజభవనానివి. తాళం ఆనవాళ్ళు దొరికిన చోటు రాజభవనం కావడంలో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. రోమనుల కాలానికి తాళం లోహంతో తయారై చిన్నదయింది. తాళంచెవిని ఉంగరంలా వేలికి పెట్టుకునే ఆచారం వచ్చింది. వేలికి తాళంచెవి ఉన్నదంటే ఇంట్లో దాచుకోవలసినది ఉన్నదని నలుగురికీ చాటుకోవడమే.

మన దేశంలో కౌటిల్యుడి అర్థశాస్త్రం కోశగృహం ఎలా కట్టాలో చెబుతుంది. భూమిలోపల గది, ఒకటే ద్వారం, యంత్రంతో కదిలే మెట్లు. రాజుకు ఇంత ఏర్పాటు అవసరమైన కాలంలో మామూలు పట్టణవాసి ఇంటికి మట్టిగోడలో ఇటుకగోడలో ఉండేవి. అక్కడ దొంగకు తాళంతో పనిలేదు. గోడకు కన్నం వేస్తే చాలు. కన్నపుదొంగ అనే మాట మన భాషలో ఇంకా బతికి ఉన్నదంటే కారణం ఇదే.

శూద్రకుడి మృచ్ఛకటికంలో మూడవ అంకం ఈ కన్నం కథే. శర్విలకుడు చారుదత్తుడి ఇంటిగోడ తవ్వుతాడు. ఏ ఆకారంలో కన్నం వేస్తే చూసినవాళ్ళు మెచ్చుకుంటారా అని ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయి వస్తే మెడలోని జందెంతో కొలుస్తాడు. బ్రాహ్మడికి, అందులోనూ తనవంటివాడికి, జందెం ఎన్నివిధాల ఉపయోగమో చెప్పుకుంటూ తలుపు గడియలు తీయడానికి కూడా పనికివస్తుందంటాడు. సాహిత్య విద్యార్థులు ఈ ఘట్టాన్ని హాస్యమని చదివి వదిలేస్తారు. దొంగతనం ఎందుకు చేశాడో చూడాలి. అతను ప్రేమించిన మదనిక వసంతసేన ఇంట్లో దాసి. ఆమెకు విడుదల కావాలంటే వెల చెల్లించాలి. మనిషిని ఆస్తిగా ఉంచుకున్న సమాజంలో, ఆ మనిషిని విడిపించడానికి ఆస్తిని దొంగిలించాడు. నేరం గోడకు పడిన కన్నంలో ఉందా, మదనిక మెడకున్న కనిపించని తాళంలో ఉందా? శూద్రకుడు తీర్పు చెప్పలేదు. ప్రశ్నను మాత్రం రంగస్థలం మీద పెట్టాడు. ఎత్తుకొచ్చినవి వసంతసేన నగలే కావడం, అది తెలిసికూడా ఆమె మదనికను విడిచిపెట్టడం ఆ నాటకం గొప్పతనం.

గోడలు బలహీనంగా ఉన్నచోట రక్షణ మనిషి మీదే ఆధారపడుతుంది. మన ఊళ్ళలో తలారి ఉండేవాడు. దక్షిణాదిన చాలాచోట్ల కావలి పద్ధతి ఉండేది. ఊరు కావలివాడికి రుసుం చెల్లించేది. దొంగతనం జరిగితే పోయిన సొమ్ము రాబట్టవలసిన, లేదా ఇచ్చుకోవలసిన బాధ్యత అతనిది. ఈ పద్ధతిని ఆకాశానికెత్తనక్కరలేదు. పాళెగాళ్ళ చేతుల్లో అది దోపిడీ సాధనమే అయింది. కాపాడవలసినవాడే రుసుం కోసం భయపెట్టేవాడు. అయినా అందులో రక్షణ అనేది మనుషుల మధ్య సంబంధం. కుంపిణీ పాలన ఆ సంబంధాన్ని తెంచి, దాని స్థానంలో పోలీసును, కోర్టును పెట్టింది. సంతలో కొనుక్కోగలిగిన రక్షణగా తాళం కూడా వాటి వెంటే వచ్చింది.

రెండువందల గినీల పందెం

ఆధునికమైన తాళం పుట్టినిల్లు 18వ శతాబ్దపు ఇంగ్లండు. ఇది యాదృచ్ఛికం కాదు. ఊరుమ్మడి భూములకు కంచెలు పడుతున్న కాలమది. బతుకుతెరువు పోయినవాళ్ళు పట్టణాలకు చేరారు. నివాసగృహంలో నలభై షిల్లింగుల సొమ్ము దొంగిలిస్తే ఉరిశిక్ష. ఉరిశిక్ష వెయ్యదగిన నేరాలు 19వ శతాబ్దం మొదటికి రెండువందలు దాటాయి. ఒకవైపు ఉరికొయ్య, మరొకవైపు తాళం. రెండూ ఒకే అవసరానికి పుట్టిన కవలలు.

1778లో రాబర్టు బారన్, 1784లో జోసెఫ్ బ్రామా కొత్తరకం తాళాలకు హక్కులు పొందారు. బ్రామా తన తాళాన్ని లండను పికడిల్లీలోని దుకాణం కిటికీలో వేలాడదీసి, దీన్ని తెరవగల పనిముట్టు చేసినవాడికి రెండువందల గినీలు ఇస్తానని బోర్డు పెట్టాడు. అరవయ్యేళ్ళపాటు ఎవరూ తెరవలేకపోయారు. 1817లో పోర్ట్స్‌మత్ ఓడరేవులో దొంగతాళంచెవులతో దొంగతనం జరిగింది. ప్రభుత్వం మెరుగైన తాళానికి బహుమతి ప్రకటించింది. 1818లో జెరెమియా చబ్ ఒక తాళం చేశాడు. ఎవరైనా దొంగచాటుగా తెరవబోతే అది బిగుసుకుపోయి ఆ సంగతిని యజమానికి పట్టిస్తుంది. దాన్ని పరీక్షించడానికి పాత ఓడలో బందీగా ఉన్న ఒక ఖైదీకి ఇచ్చారట. అతను వృత్తిరీత్యా తాళాలు చేసేవాడు. తెరిస్తే క్షమాభిక్ష. నెలల తరబడి ప్రయత్నించి, తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. తాళాలు చేసేవాడే ఖైదులో ఉండటం, తన విడుదలకు తాళంచెవి తన చేతిపనిలోనే వెతుక్కోవడం ఏ కథకుడు కల్పించగలడు?

1851లో లండనులో మహాప్రదర్శన జరిగింది. అమెరికానుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ చబ్ తాళాన్ని ఇరవైఐదు నిమిషాలలో తెరిచాడు. బ్రామా తాళాన్ని పదహారు రోజులలో మొత్తం యాభైఒక్క గంటలు శ్రమించి తెరిచి రెండువందల గినీలు పుచ్చుకున్నాడు. ఇంగ్లండు ఆస్తిపరులు ఉలిక్కిపడ్డారు. హాబ్స్ దొంగ కాదు, పోటీ కంపెనీ ప్రతినిధి. పాత తాళం మీద నమ్మకం పోగొట్టడమే కొత్త తాళానికి ప్రచారం. భయాన్ని పెంచి సరుకు అమ్మడమనే పద్ధతి మనకాలపు ప్రకటనలతో మొదలు కాలేదన్నమాట. తర్వాత పదేళ్ళకు, 1861లోనూ 1865లోనూ, అమెరికాలో లైనస్ యేల్ పొందిన హక్కులతో నేటి సిలిండరు తాళం స్థిరపడింది. దాని సూత్రం ఈజిప్టు చెక్కతాళానిదే. మేకులు లేస్తే తెరుచుకుంటుంది. కొత్తది సూత్రం కాదు, యంత్రం. యంత్రం వేలకువేలు చేసి పోసేసరికి రాజభవనపు వస్తువు గుమాస్తా ఇంటికి చేరింది.

కె అక్షరంలాంటి కాళ్ళు

మరి ఆ తాళాలను చేసినదెవరు? ఇంగ్లండులో తాళాల ఊరు విలెన్‌హాల్. చిన్న చిన్న కొట్లలో, పట్టకారు మీద వంగి రోజంతా ఆకురాయి రాసే పని. ఎనిమిదేళ్ళ తొమ్మిదేళ్ళ పిల్లలు అప్రెంటిసులు. అక్కడ గూనివాళ్ళు ఎంత ఎక్కువంటే చుట్టుపక్కలవాళ్ళు దాన్ని గూని ఊరనే వెక్కిరించేవారు. 1840 దశకం మొదట్లో బాలల ఉపాధిపై వేసిన కమిషను తరఫున ఆర్.హెచ్. హార్న్ అక్కడికి వెళ్ళి నివేదిక రాశాడు.

సాహిత్య విద్యార్థులు గమనించవలసిన విషయం ఇక్కడ ఉంది. అదే సమాచారం ఆధారంగా 1845లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి ఎంగెల్స్ రాసిన ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల గ్రంథం. ఆకురాయి రాసేవాళ్ళ కుడికాలు వంకరపోయి రెండు కాళ్ళూ కలిసి ఇంగ్లీషు కె అక్షరంలా తయారవుతాయని ఆయన నమోదు చేశాడు. రెండవది తర్వాత ప్రధానమంత్రి అయిన డిజ్రేలీ నవల సిబిల్. అందులో విలెన్‌హాల్ వోడ్‌గేట్ అయింది. డిజ్రేలీ కూడా వంకరపోయిన ఒళ్ళను చూశాడు. కాని నవల చివర ఆ తాళాల పనివాళ్ళను కోట తగలబెట్టే మూకగా మార్చి, వాళ్ళ నాయకుణ్ణి ఆ మంటల్లోనే కాల్చేశాడు. బాధను వర్ణించడం వేరు, బాధపడేవాడిని మనిషిగా చూడటం వేరు. ఒకే నివేదిక రెండు కలాలలో ఎలా రెండయిందో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి పాఠం అరుదు.

విలెన్‌హాల్ కథ అక్కడితో ముగియలేదు, అలీగఢ్‌కు వలస వచ్చింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో ఇంగ్లండు తాళాలు తెప్పించి అమ్మిన వ్యాపారమే తర్వాత అక్కడ తయారీకి దారితీసింది. 1897లో బొంబాయి లాల్‌బాగ్‌లో అర్దేశిర్ గోద్రెజ్ తాళాలు చెయ్యడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన శస్త్రచికిత్స పరికరాలు చేశాడు. వాటిమీద భారతదేశంలో తయారైనదని ముద్ర వేయడానికి కొనుగోలుదారు ఒప్పుకోకపోవడంతో ఆ పని వదిలేశాడు. పరాయి సరుకుతో తలపడిన ఆ స్వాభిమానం గౌరవించదగినది. తమిళనాడులోని దిండిగల్ కమ్మరుల చేతిపని కూడా అలాంటిదే. 2019లో దిండిగల్ తాళానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే స్వదేశీ సరుకు అన్నంత మాత్రాన పనివాడి ఒళ్ళు వంగకుండా ఉండదు. 1980లలో నీరా బుర్రా అలీగఢ్ తాళాల పరిశ్రమను పరిశోధించి లోకానికి చూపింది ఇదే. చేతిప్రెస్సుల కింద వేళ్ళకొసలు పోగొట్టుకునే పిల్లలు, మెరుగుచక్రాల దగ్గర ముఖమంతా నల్లని దుమ్ముతో ఉండే పిల్లలు, పూతపోసే తొట్లలో విషరసాయనాలలో చేతులు ముంచే పిల్లలు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 2016లో దాన్ని సవరించి పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నారు. బడి అయ్యాక కుటుంబ వృత్తిలో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ముక్కకింతని ఇంటిదగ్గరే తాళాలు బిగించే బస్తీలలో ఆ మినహాయింపుకు అర్థమేమిటో వేరే చెప్పాలా? మన పిల్లలు నిద్రపోతున్న గదికి వేసిన తాళం మరొకరి పిల్లల నిద్రను తిని తయారయి ఉండవచ్చు.

తలుపుకు ఆవల నిలబెట్టినవాళ్ళు

తాళం ఉన్నాక దొంగ ఉండాలి. దొంగ ఎవరో ముందే తెలిసి ఉంటే పాలకులకు ఇంకా సుఖం. 1860 శిక్షాస్మృతి ఇంటికి కన్నం వేయడాన్ని ఆరు విధాలుగా నిర్వచించింది. తాళం తెరవడం వాటిలో ఒకటి. ఇంటివాడు పోగొట్టుకున్న తాళంచెవి దొరికి, దానితో తలుపు తీసినా నేరమే. 2024 జూలై 1నుంచి అమలయిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నిర్వచనం ఉంది. ఇంతవరకు చట్టం చేసిన పనిని చూస్తున్నది. 1871లో వచ్చిన నేరజాతుల చట్టం చేసిన పనిని కాదు, పుట్టుకను చూసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. 1913 ప్రాంతంలో బాపట్ల చీరాల మధ్య ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఒకచోట పెట్టి, గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. రాత్రిపూట హాజరు పలకాలి. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటరాదు. మిగతా ఊళ్ళలో జనం తమ ఇళ్ళకు తాళాలు వేసుకున్నారు. ఇక్కడ సర్కారు జనానికే తాళం వేసింది.

ఎరుకలవారి శాఖల పేర్లు చూడండి. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల. ఉప్పు మోసినవాళ్ళు, వెదురుదబ్బలు అల్లినవాళ్ళు, కరివేపాకు అమ్మినవాళ్ళు. పేర్లలో ఉన్నది పనులే, దొంగతనం కాదు. తీరంనుంచి లోనాడుకు పశువులమీద ఉప్పూ ధాన్యమూ చేరవేసిన ఈ వర్తకాన్ని రైలుదారులు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఎలా చంపాయో మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. బతుకుతెరువు తీసేసి, బతుకుతెరువు లేనివాడు దొంగ కాక ఏమవుతాడని ముద్ర వేశారు. ఆ ముద్రపడ్డ మనుషుల శ్రమ చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చౌకగా అందింది. గుడిసెల తడికలకు దబ్బలు చీల్చిన చేతులనే తాళం పగలగొట్టే చేతులన్నారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మన సినిమాలు మాత్రం రద్దు చేయలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరిపేరు తగిలించుకుని రెండు చిత్రాలు వచ్చాయి. 2023లోనూ మరొక దొంగ వీరగాథ వచ్చింది. ఊరిపేరే తిట్టయిన చోట పుట్టిన పిల్ల బడిలో తన ఊరు ఏదని అడిగితే ఏం చెప్పాలి? రచయితలూ దీనికి బాధ్యులే. రాత్రి, కన్నం, స్టూవర్టుపురం అని మూడు మాటలు రాసి పాత్రచిత్రణ అయిపోయిందనుకున్న కథలు తక్కువేమీ లేవు.

బయటినుంచి పడ్డ తాళాలు

తాళం ఆస్తిని కాపాడుతుందన్నాం. ఆస్తికీ మనిషికీ పోటీ వచ్చినప్పుడు ఏమవుతుందో 1911 మార్చి 25న న్యూయార్కులో తేలింది. ట్రయాంగిల్ అనే చొక్కాల ఫ్యాక్టరీలో మంటలు లేచినప్పుడు తొమ్మిదవ అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. పనివాళ్ళు గుడ్డముక్కలు ఎత్తుకుపోతారని అనుమానం, ఒక్కదారినే పంపి సంచులు సోదా చెయ్యాలని ఏర్పాటు. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలసవచ్చిన యువతులు. నూరేళ్ళ తర్వాత 2012లో ఢాకా దగ్గర తజ్రీన్ ఫ్యాక్టరీలో వందమందికి పైగా కాలిపోయినప్పుడు కూడా తాళాల మాట వినిపించింది. ఇక కార్మికుణ్ణి లోపల పెట్టి వేసే తాళం ఒకటైతే, బయట నిలబెట్టి వేసేది మరొకటి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం లాకౌట్‌ను నిర్వచించింది. ఆ మాటలోనే తాళం ఉంది. ఉదయం షిఫ్టుకు వచ్చి గేటుకు వేలాడే కప్పను చూసిన కార్మికుడికి దానికి మరో నిర్వచనం అక్కరలేదు.

1946లో మొదలైన తెలంగాణ సాయుధపోరాటంలో రైతులు గడీల గాదెలు తెరిచి ధాన్యం పంచుకున్నారు, అప్పుపత్రాలు తగలబెట్టారు. అది దొంగతనమా? తాము పండించిన ధాన్యం మీద ఇతరులు వేసిన తాళాన్ని తీయడమా? జవాబు మనం ఏ తలుపు దగ్గర నిలబడి అడుగుతున్నామన్నదాన్నిబట్టి ఉంటుంది.

అయితే ఒక తొందరపాటు చేయరాదు. తాళం ఆస్తిపరుల వస్తువని కొట్టిపారేసి, తాళంలేని పల్లె స్వర్గమని పాడటం తప్పు. మహారాష్ట్రలో శని శింగణాపూర్‌లో ఇళ్ళకు తలుపులుండవనీ దేవుడే కాపలా అనీ చెబుతారు. 2011లో అక్కడ తెరిచిన బ్యాంకు శాఖ కూడా తాళంలేని శాఖ అని పేరు తెచ్చుకుంది. కాని దాని గాజుతలుపుకు విద్యుదయస్కాంతపు గడియ ఉంది. 2015లో అక్కడ పోలీసుస్టేషను కూడా వచ్చింది. భయం ఒక రూపంలో కాకపోతే మరొక రూపంలో కాపలా కాస్తుంది. ఇక లోపలి గడియ సంగతి. వలసవెళ్ళిన కూలీ రేకుపెట్టెకు వేసుకున్న చిన్న తాళం అతని బతుకంతటికీ ఉన్న ఒకే గోడ. అద్దెగదిలో ఒంటరిగా ఉండే ఆడపిల్లకు గట్టి గడియ విలాసం కాదు, హక్కు. మన ఇళ్ళలో స్త్రీకి తాళాలగుత్తి దక్కింది గాని గది దక్కలేదు. అత్త కొంగునుంచి కోడలి కొంగుకు తాళాలు మారడాన్ని పెత్తనం మారడమన్నాం. ఆ గుత్తిలో ఆమె తనకోసం వేసుకోగల తాళం ఒక్కటైనా ఉందా అని అడగలేదు. ఇంకొక నిజం కూడా ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఊరు దళితవాడ మీద పడినప్పుడు ఏ తలుపూ ఏ గడియా వాళ్ళను కాపాడలేదు. ఆరుగురు హతులయ్యారు. మిగిలినవాళ్ళు ఇళ్ళు వదిలి చీరాల చేరారు. దొంగను ఆపగలిగిన తాళం దౌర్జన్యాన్ని ఆపలేదు. దాన్ని ఆపడానికి కావలసినవి న్యాయమూ, సంఘటితశక్తీ. అవి ఇనుపకొట్లో దొరకవు.

నేడు తాళం వేలిముద్రను గుర్తుపడుతుంది, ముఖాన్ని గుర్తుపడుతుంది. హైదరాబాదులో గోడకట్టిన కాలనీల గేట్ల దగ్గర పనిమనిషి రోజూ తన పేరు రాసి, సంచి చూపించి లోపలికి వెళుతుంది. స్టూవర్టుపురంలో రాత్రి హాజరు పోయిందనుకున్నాం. అది పగటిపూటకు మారి మన గేటు దగ్గరకే వచ్చింది.

తలుపులకు తాళాలు వేసుకోవద్దని ఎవరూ చెప్పరు. నేనూ ఊరెళ్ళేటప్పుడు వేసుకునే వెళతాను. రెండుసార్లు లాగి చూస్తాను కూడా. కాని కథలో తాళం వేసేటప్పుడు రచయిత కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇది లోపలి గడియా, బయటి తాళమా? దీన్ని ఏ చేతులు చేశాయి? దీనికి ఆవల ఎవరిని నిలబెడుతున్నాను, ఎవరు చెప్పగా నిలబెడుతున్నాను? ఈ ప్రశ్నలు వేసుకోకుండా రాసిన కథ కాపలాదారు రాసుకున్న నివేదికకంటె మెరుగైనది కాదు.